సందులో ఎండ నేల మీద ఉండదు: చిన్న పెరట్లో గోడలు, తొట్లు, పందిరి

150, 200 గజాల స్థలంలో ఇల్లు కట్టాక చుట్టూ మిగిలేది నాలుగడుగుల సందు. ముందు వైపు గేటు, సంపు, బండి పెట్టుకునే చోటు పోతే మొక్కలకు దక్కేది పక్క సందులే. చాలామంది నర్సరీ నుంచి కుండీలు తెచ్చి ప్రహరీ వెంట నేల మీద వరసగా పెట్టేస్తారు. రెండు నెలలకు టమాటా మొక్క సన్నగా, పొడుగ్గా సాగి ఒక పక్కకు వాలుతుంది. పూత అంతంతమాత్రం. బలం చాలలేదనుకుని ఎరువు వేస్తారు, మొక్క ఇంకా సాగుతుంది తప్ప కాయదు. లోపం మట్టిలో లేదు. ఆ కుండీ పెట్టిన చోట ఎండ లేదు.

ఇది కొలిచి చూడాల్సిన విషయం. ఇంటికి తూర్పున 4 అడుగుల సందు, 6 అడుగుల ప్రహరీ, 11 అడుగుల ఎత్తున ఒంటి అంతస్తు ఇల్లు ఉన్నాయనుకుందాం. హైదరాబాద్ అక్షాంశంలో మార్చి, సెప్టెంబరు నెలల్లో ఇంటి గోడ మొదట్లో నేలకు ఎండ తగిలేది ఉదయం 10 దాటాకే, ఎందుకంటే అప్పటిదాకా ప్రహరీ నీడ అడ్డు. మధ్యాహ్నం 12.20 ప్రాంతంలో సూర్యుడు ఇంటి వెనక్కి వెళ్లిపోతాడు. అంటే నేల మీది కుండీకి దక్కేది రెండు గంటల పైచిలుకు. అదే గోడకు 5 అడుగుల ఎత్తులో ఉదయం ఏడున్నర లోపే ఎండ పడుతుంది, మధ్యాహ్నం దాకా ఉంటుంది. అది 5 గంటలు. ఇంకొంచెం పైకి, 7 అడుగుల ఎత్తున ప్రహరీ వారగా ఉన్న ఆకుకు పొద్దు పొడిచింది మొదలు మధ్యాహ్నం దాదాపు 3 గంటల దాకా ఎండ అందుతుంది. మొత్తం 8 గంటలకు తక్కువ కాదు.

ఒకే సందు, ఒకే నాలుగడుగులు. నేల మీద 2 గంటలు, తల పైన 8 గంటలు. టమాటా, వంగ, మిరప, బీర, సొర లాంటివి కాయాలంటే రోజుకు కనీసం 6 గంటల నేరుటెండ కావాలి. ఆకుకూరలకు 4 గంటలు చాలు. కాబట్టి ఇరుకు పెరట్లో వేరుకు కింద చోటివ్వాలి, ఆకును పైకి పంపాలి. పాత ఇళ్లలో బావి గట్టు మీద, వంటింటి వెనక వేసిన పాదులు, పందిళ్లు చేసిన పని ఇదే. ఇప్పుడు మారింది కొలతలే.

పక్కనే నాలుగంతస్తుల అపార్టుమెంటు ఉంటే పై లెక్క చెల్లదు. అందుకే దేనికైనా డబ్బు పెట్టే ముందు ఒక సెలవు రోజు ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు గంటకోసారి ఎండ అంచును సుద్దముక్కతో నేల మీద, గోడ మీద గీసి పక్కన గంట వేసుకోవాలి. డిసెంబరులో ఒకసారి, మే నెలలో ఒకసారి గీస్తే ఏడాది మొత్తం అర్థమవుతుంది.

ఏ గోడ ఏ పనికి

దక్షిణపు సందు చలికాలానికి బంగారం. డిసెంబరు చివర హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడు నేలకు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 6 అడుగుల దక్షిణ ప్రహరీ నీడ 5 అడుగులకు పైగా పడుతుంది కనుక సందు నేలంతా నీడే. కానీ ఇంటి గోడ వారన నేల నుంచి ఒకటిన్నర అడుగు పైన ఎండ ఉంటుంది. ఇటుకలు పేర్చో, ఇనుప స్టాండు వేసో తొట్టిని ఒకటిన్నర అడుగు లేపితే చాలు, టమాటా, క్యాబేజీ, కొత్తిమీర, మెంతి సంక్రాంతి దాకా బాగా వస్తాయి. నేల మీదే ఉంచితే అదే తొట్టిలో అవే మొక్కలు గిడసబారిపోతాయి.

ఉత్తరపు సందు సంగతి వేరు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా ఇంటి నీడ దాన్ని దాదాపు పూర్తిగా కప్పేస్తుంది. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య రోజుల్లో మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుంది. అంటే ఈ సందుకు ఎండ వచ్చేది ఎండాకాలంలో, వానాకాలం మొదట్లో మాత్రమే. అల్లం, పసుపు ఈ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. మే చివర, జూన్‌లో కొమ్ములు పెడితే వానల్లో ఆకు పెరుగుతుంది, ఎండ తగ్గే నాటికి దుంప ఊరుతుంది, సంక్రాంతి తర్వాత తవ్వుకోవచ్చు. తమలపాకు, పుదీనా, బచ్చలి కూడా ఇక్కడే సుఖంగా ఉంటాయి. ఈ సందులో కాయగూరలు పండించాలని పంతం పట్టడం వల్ల విత్తనం, శ్రమ వృథా అవుతాయి.

పడమటి గోడ దగ్గర వెలుతురుకు కొదవ లేదు, వేడితోనే తంటా. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నుంచి ఎండను తాగిన సిమెంటు గోడ రాత్రి దాకా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. టమాటా పుప్పొడికి ఈ రాత్రి వేడే పెద్ద దెబ్బ. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి పని చేయదు, పూత కాడ దగ్గర విరిగి రాలిపోతుంది. నీళ్లు ఎక్కువ పోసినంత మాత్రాన ఆగదు. ఇక్కడ మార్చి నుంచి జూన్ వరకు తోటకూర, బెండ, గోరుచిక్కుడు, తీగ బచ్చలి వేసుకోవాలి. వంగ, మిరప ఉంచితే సగం ఎండను ఆపే 50 శాతం షేడ్‌నెట్ మధ్యాహ్నపు వైపు కట్టాలి. తొట్టిలో పడమటి ఎండ తగిలే పక్కన లోపలి వైపు అంగుళం మందం థర్మకోల్ షీటు నిలబెట్టి మట్టి నింపితే అంచు వేళ్లు ఉడికిపోకుండా ఉంటాయి. ఈ చిన్న పని చేసిన తొట్టికి, చేయని తొట్టికి మే నెలలో తేడా కళ్లకు కనబడుతుంది.

పడమటి గోడకు అడుగు దూరంలో తీగ పాకించడం వల్ల ఇంకో లాభం ఉంది. గోడకు నేరుగా ఎండ తగలదు కనుక ఆ వైపు పడగ్గది రాత్రిపూట అంతగా కాగదు.

పందిరి కట్టే తీరు

పందిరికి 7 అడుగుల ఎత్తు అన్ని విధాలా కుదురుతుంది. మనిషి తల తగలదు, కాయ చేతికందుతుంది. పైగా మన ఇళ్లలో తలుపులు, కిటికీల పై లింటల్ సాధారణంగా ఆ మట్టంలోనే ఉంటుంది. అక్కడ ఉన్నది కాంక్రీటు కాబట్టి యాంకర్ బోల్టు గట్టిగా పట్టుకుంటుంది. ఇటుక గోడలో, అందులోనూ రెండు ఇటుకల మధ్య సిమెంటు జాయింటులో వేసిన ప్లగ్గు ఒక గాలి దుమారానికే ఊడి వస్తుంది.

ప్రహరీ వైపు మాత్రం గోడను నమ్ముకోకూడదు. చాలా ప్రహరీలు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలే. వాటి పైన పందిరి బరువు పెడితే, తీగ నిండా ఆకున్నప్పుడు గాలి దాన్ని తెరచాపలా లాగుతుంది, గోడ మొదట్లో పగులు వస్తుంది. అంగుళంపావు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులను 6 అడుగులకొకటి చొప్పున నిలబెట్టి, ఒకటిన్నర అడుగు లోతు గుంటలో కాంక్రీటు వేయడం మేలు. సందు మొత్తం టైల్స్ వేసి ఉంటే పైపు కింద ఇనుప పలక వెల్డు చేయించి, నాలుగు 10 ఎంఎం యాంకర్ బోల్టులతో బిగించాలి. కింద ఉన్నది పలచటి కాంక్రీటు బెడ్డు అయితే బోల్టు నిలవదు. అక్కడ టైలు కోసి గుంట తీయక తప్పదు.

పైన అడ్డ పైపులు వేశాక పొడవునా 12 గేజీ జీఐ తీగను అడుగు దూరంలో నాలుగు వరసలు లాగాలి. ఒక చివర టర్న్‌బకిల్ పెడితే ఏడాదికోసారి తీగ వదులైనప్పుడు తిప్పి బిగించుకోవచ్చు. ఆ తీగల మీద 6 అంగుళాల కన్నుల నైలాన్ వల పరిస్తే సరిపోతుంది. సన్నకన్నుల వల వద్దు, ఎండిన తీగను దాని నుంచి విడదీయడానికి ఒక పూట పడుతుంది, కాయలు కన్నుల్లో ఇరుక్కుని వంకర పోతాయి. వెదురుతో కట్టిన పందిరి చవకే గానీ, రెండో వానాకాలానికి మొదళ్లు కుళ్లి, చెదలు పట్టి వంగిపోతుంది.

గోడకు తీగ పాకించే చోట వెల్డ్ మెష్‌కూ గోడకూ మధ్య కనీసం 4 అంగుళాల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో గాలి ఆడకపోతే వానాకాలం తర్వాత బీర, కాకర, దోస ఆకుల మీద బూడిద తెగులు మొదట అక్కడే కనబడుతుంది. ఎండాకాలంలో గోడ వేడికి ఎర్రనల్లి చేరేదీ అక్కడే. ఆకు పైభాగం మీద సన్న తెల్ల చుక్కలు వచ్చి, తిప్పి చూస్తే సాలెగూడు లాంటి సన్న బూజు, అందులో కదిలే చుక్కలు కనిపిస్తే అది ఎర్రనల్లే. ఆకుల అడుగున పైపుతో గట్టిగా నీళ్లు కొడితే సగం పోతుంది. మిగతా దానికి సాయంత్రం పూట లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగు తడిసేలా కొట్టాలి.

తొట్టి కొలతలు

48 అంగుళాల సందులో గోడకు 3 అంగుళాల ఖాళీ, తొట్టికి 18 అంగుళాలు పోతే నడవడానికి 27 అంగుళాలు మిగులుతాయి. అంతకంటే తగ్గిస్తే బకెట్టు పట్టుకుని నడవలేరు, మోటారు రిపేరుకొచ్చినవాళ్లకు దారుండదు. డ్రైనేజీ ఛాంబరు మూతల మీద, సంపు స్లాబు మీద తొట్లు పెట్టకూడదు. బరువు సంగతి అలా ఉంచితే, ఛాంబరు పొంగిన రోజున పావు టన్ను మట్టిని పక్కకు జరపాల్సి వస్తుంది.

ఆ పావు టన్ను మాట ఊరికే అన్నది కాదు. 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, 15 అంగుళాల లోతు ఉన్న తొట్టిలో సుమారు 210 లీటర్ల మట్టి పడుతుంది. బాగా తడిసినప్పుడు దాని బరువు 250 కిలోలకు తగ్గదు. నేల మీద ఇబ్బంది లేదు. బాల్కనీలో, డాబా మీద ఇదే తొట్టి పెట్టాలంటే ఇంజినీరును అడిగి, దూలం మీద పడే చోట మాత్రమే పెట్టాలి.

లోతు విషయంలో పొదుపు చేస్తే నష్టమే. ఆకుకూరలకు 6 నుంచి 8 అంగుళాలు చాలు. టమాటా, వంగ, మిరపకు అడుగు. తీగజాతికి 15 అంగుళాలు, ఒక్కో పాదుకు కనీసం 50 నుంచి 70 లీటర్ల మట్టి. అంటే పైన చెప్పిన తొట్టికి మూడు బీర పాదులు, లేదా రెండు సొర పాదులు. ప్యాకెట్టులో పది గింజలున్నాయని పదీ పెడితే అన్నీ మొలుస్తాయి, ఏదీ కాయదు.

తొట్టి దేనితో చేయాలన్న ప్రశ్నకు తెలంగాణలో తాండూరు, షాబాదు బండలు, రాయలసీమలో కడప బండలు మంచి జవాబు. అంగుళం పైచిలుకు మందం బండలను నిలబెట్టి మూలల్లో సిమెంటు పూసి, బయట ఇనుప పట్టీ బిగిస్తే పదేళ్లకు పైగా ఉంటుంది. మట్టి ఒత్తిడికి నాలుగడుగుల బండ మధ్యలో బయటికి ఒరగకుండా ఒక అడ్డ పట్టీ తప్పనిసరి. ఇటుకలతో కట్టి ప్లాస్టరింగ్ చేయించేవారు రెండు వారాలు నీళ్లు నింపి మూడు నాలుగు సార్లు మార్చాలి. కొత్త సిమెంటు నుంచి దిగే సున్నపు గుణానికి మొదటి పంట ఆకులు పసుపు పచ్చగా మారతాయి. బావులకు వేసే సిమెంటు వరలు చవకగా దొరుకుతాయి, నిమ్మ, దానిమ్మ, కరివేపాకు లాంటి వాటికి బాగుంటాయి, కానీ గుండ్రంగా ఉండటం వల్ల ఇరుకు సందులో చోటు వృథా. గ్రో బ్యాగులు కొంటే యూవీ నిరోధం ఉన్న మందపాటివే కొనాలి. పలచటివి రెండు వేసవుల తర్వాత చేత్తో పట్టుకుంటే పొడి రాలతాయి. చేపల దుకాణాల వాళ్లు పారేసే థర్మకోల్ పెట్టెలు కొత్తిమీర, పాలకూరకు అద్భుతంగా పనికొస్తాయి. వేరుకు వేడి తగలదు.

సందు మట్టినేల అయితే తొట్టికి అడుగు వద్దు. వేళ్లు నేలలోకి దిగిపోతాయి, నీటి అవసరం తగ్గుతుంది. పందికొక్కుల బెడద ఉన్న చోట మాత్రం అడుగున అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్ పరవాలి. లేకపోతే ఒక రాత్రిలో తొట్టి కింద నుంచి బొరియ పెట్టి పాదు వేళ్లు కొరికేస్తాయి.

ప్రహరీ గోడనే తొట్టికి నాలుగో గోడగా వాడుకునే అలవాటు చాలాచోట్ల కనిపిస్తుంది. ఒక వరస ఇటుక ఖర్చు మిగిలిందనుకుంటారు. తడి మట్టి గోడకు ఆనుకుని ఉంటే మొదటి వానాకాలంలోనే అవతలి వైపు రంగు ఉబ్బుతుంది, తెల్లగా ఉప్పు పూస్తుంది, తర్వాత ప్లాస్టరు పెచ్చులూడుతుంది. ఆ అవతలి వైపు పక్కింటివాళ్ల పెరడు. నాలుగున్నర అంగుళాల గోడ మట్టి ఒత్తిడిని ఆపడానికి కట్టింది కాదు కూడా. ఆ 3 అంగుళాల ఖాళీ వదిలి, నెలకోసారి కర్రతో ఎండుటాకులు లాగేయడం నేర్చుకోవాలి.

కంకర పొర ఎందుకు వద్దు

తొట్టి అడుగున 2, 3 అంగుళాల కంకర వేస్తే నీళ్లు బాగా దిగుతాయని అందరూ చెబుతారు. జరిగేది దానికి విరుద్ధం. సన్న రేణువుల మట్టి నుంచి పెద్ద ఖాళీలున్న కంకరలోకి నీరు సులువుగా దిగదు. పై మట్టి పూర్తిగా నిండి, పట్టలేనంత అయ్యాకే చుక్కలు రాలతాయి. తడి స్పాంజిని జాలీ మీద పెడితే దాని అడుగుభాగం తడిగానే ఉండిపోయినట్లు, మట్టి అడుగున కొన్ని అంగుళాల మేర ఎప్పుడూ బురదగా ఉంటుంది. కంకర వేసినప్పుడు ఆ బురద పొర పోదు, వేళ్లకు ఇంకా దగ్గరగా పైకి జరుగుతుంది. 15 అంగుళాల తొట్టిలో 3 అంగుళాలు కంకరకు ఇస్తే వేరుకు మిగిలే మంచి చోటు మరీ తగ్గిపోతుంది.

కావలసింది రంధ్రాలు. 10 నుంచి 12 ఎంఎం రంధ్రాలు 6 అంగుళాలకొకటి, తొట్టిని నేల నుంచి 2 అంగుళాలు ఎత్తి ఇటుకల మీద కూర్చోబెట్టడం. రంధ్రం మీద చిన్న దోమతెర ముక్క, దాని మీద గుప్పెడు కొబ్బరి పీచు వేస్తే మట్టి కారిపోదు. కింద ట్రే పెడితే అందులో నీరు నిలవనివ్వకూడదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి చోటే.

మట్టి

210 లీటర్ల తొట్టికి 15 లీటర్ల బకెట్టుతో 16 బకెట్ల మిశ్రమం కలుపుకోవాలి. నాలుగైదు తడుపులకు అది కుంగి సరిపోతుంది. 7 బకెట్ల ఎర్రమట్టి, 5 బకెట్ల బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, 3 బకెట్ల కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), 1 బకెట్టు ముతక ఇసుక. పైన రెండు కిలోల వేపపిండి. 5 కిలోల కోకోపీట్ ఇటుకను నానబెడితే 70 లీటర్ల దాకా పొంగుతుంది కనుక ఒక తొట్టికి ఒక ఇటుక సరిపోయి కొంత మిగులుతుంది. దాన్ని నానబెట్టి పిండి, మళ్లీ మంచినీళ్లు పోసి ఇంకోసారి పిండాలి. సముద్రతీర ప్రాంతాల కొబ్బరి పీచులో ఉప్పు ఉంటుంది, కడగకపోతే మొలకల ఆకు కొసలు మాడిపోతాయి.

నల్లరేగడి ఉన్నవారు దాన్ని పావు వంతుకు మించి కలపకూడదు. ఎండితే అది ముడుచుకుని తొట్టి గోడ నుంచి విడిపోతుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి నేరుగా కిందికి జారిపోతాయి. పైనుంచి చూస్తే నీళ్లు బాగా దిగుతున్నట్టే ఉంటుంది, లోపల వేరు ఎండిపోతుంటుంది.

ఎరువు చివకలేదని తెలుసుకోవడం తేలిక. చేయి పెడితే వెచ్చగా ఉంటుంది, పేడ వాసన వస్తుంది. అలాంటి దానిలో తెల్లగా, బొద్దుగా, కొక్కెంలా ముడుచుకున్న వేరుపురుగులు కూడా వస్తాయి. మిరప మొక్క నీళ్లున్నా వాడిపోయి, లాగితే చేతికొచ్చిందంటే కారణం చాలాసార్లు అవే. ఎరువును ఎండలో పలచగా పరిచి, జల్లించి, పురుగులు ఏరి వాడాలి.

ప్రతి పంట తర్వాత తొట్టిలో మట్టి రెండు మూడంగుళాలు తగ్గుతుంది. ఆ మేరకు కంపోస్టు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. కాపు మీదున్న పాదులకు 15 రోజులకోసారి జీవామృతం మంచి ఆహారం. 10 లీటర్ల నీటికి అర కిలో ఆవుపేడ, అర లీటరు ఆవుమూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి కలిపి నీడలో రెండు రోజులు ఉంచాలి. ఉదయం, సాయంత్రం కర్రతో తిప్పుతూ, తర్వాత పది రెట్ల నీటితో పలచన చేసి పోయాలి.

నీళ్లు

గోడ పక్క తొట్టికి వాన పడినా నీరందదు. ఈ విషయం జులైలో చాలామందికి తట్టదు. నైరుతి గాలితో ఏటవాలుగా కొట్టే వాన గోడకు అవతలి వైపు పడుతుంది, సజ్జ కింద, పందిరి ఆకుల కింద ఉన్న మట్టి పొడిగానే ఉండిపోతుంది. వాన వచ్చిన రోజు కూడా వేలు రెండంగుళాలు దించి చూడాలి. దీనికి పూర్తి విరుద్ధంగా డాబా నీటి గొట్టం కింద పెట్టిన తొట్టి ఒక్క వానకే మట్టి కొట్టుకుపోయి వేళ్లు బయటపడుతుంది.

నిండుగా కాపు మీదున్న బీర తొట్టికి మే నెలలో రోజుకు 8 నుంచి 12 లీటర్లు పడతాయి. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు పెట్టి ఉదయం గంట వదిలితే 8 లీటర్లు. మిగతాది సాయంత్రం చూసి పోసుకోవచ్చు. మట్టి పైన 2 అంగుళాల మందం ఎండుటాకు, ఎండుగడ్డి కప్పితే నీటి అవసరం బాగా తగ్గుతుంది. టమాటా కాయ అడుగున నల్లటి మచ్చ పడి తోలులా మారుతుంటే చాలామంది గుడ్డు పెంకులు వేస్తారు. మట్టిలో సున్నం సాధారణంగా సరిపడానే ఉంటుంది. ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచడం వల్ల అది కాయకు చేరదు. నీళ్లు నియమంగా పోస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

బోరు నీటితో ఇంకో చిక్కు. ఆ నీటిలోని ఉప్పు, సున్నం తొట్టిలో పేరుకుంటాయి, పైన తెల్లటి పొర కడుతుంది. కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా మారితే మొక్కకు ఇనుము అందడం లేదని గుర్తు. ఎరువు వేయడం కాదు, వానాకాలంలో పట్టిన వాననీటిని తొట్టి అడుగు నుంచి ధారగా కారేదాకా రెండు మూడుసార్లు పోసి కడగాలి. వాటర్ ప్యూరిఫయర్ నుంచి వృథాగా పోయే నీటిని మొక్కలకు పోస్తే పొదుపు చేసినట్టు అనిపిస్తుంది. ఆ నీటిలో ఉప్పు మామూలు నీటికంటే ఎక్కువ. తొట్లకు అది పనికిరాదు, గచ్చు కడగడానికి వాడుకోవచ్చు.

తీగలు, పూలు, కాయలు

మొక్క మొదలు నుంచి పందిరి దాకా కొబ్బరి తాడు కట్టి ఒకే తీగను ఎక్కించాలి, పక్క చిగుళ్లను గిల్లేయాలి. పందిరి మీద రెండడుగులు పాకాక కొస తుంచాలి. సొరలో ఆడపూలు ఎక్కువగా వచ్చేది పక్క కొమ్మల మీదే కాబట్టి ఈ తుంచుడుకు విలువ ఎక్కువ.

నాలుగు వైపులా గోడలున్న పెరట్లో పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోవడానికి మొదటి కారణం పురుగు కాదు, పరపరాగ సంపర్కం జరగకపోవడం. ఇక్కడ వేళ తెలియాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. కాకర, దోస పూలు ఉదయం. గుమ్మడి తెల్లవారకముందే విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. ఉదయం 9 గంటలకు బీర పాదు దగ్గర పుప్పొడి అద్దబోతే ప్రయోజనం ఉండదు. సాయంత్రం 6 గంటల ప్రాంతంలో అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కోసి, రెక్కలు తీసేసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యభాగానికి మెల్లగా రాయాలి. మగపువ్వు కాడ సన్నగా ఉంటుంది, పిందె ఉండదు. రెండు మూడు రోజుల్లో పిందె కాడ వంగి కిందికి తిరిగి, పచ్చగా నిగనిగలాడితే నిలిచినట్టు.

కాకర, దొండ, దోస కాయలు ఒకవైపు వంకర తిరిగి, కోస్తే లోపల తెల్లటి పురుగులుంటే అది పండు ఈగ పని. ఈ ఈగను ఎరతో రప్పించి పట్టే క్యూ లూర్ బుట్ట ఒకటి పందిరికి వేలాడదీయాలి. మామిడి, జామకు వాడే మిథైల్ యూజినాల్ బుట్ట ఈ ఈగను రప్పించదు. దుకాణంలో అడిగి తీసుకోవాలి. కుళ్లిన కాయలను తొట్టిలోనే పారేస్తే ఈగ పిల్లలు అదే మట్టిలో పెరిగి లేస్తాయి, వాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండు రోజులు ఎండలో పెట్టి పారేయాలి.

దొండ గింజ నుంచి పెంచకూడదు. మగ, ఆడ మొక్కలు వేరువేరు కనుక గింజ మొక్క మగదైతే కాయదు. బాగా కాసే పాదు నుంచి పెన్సిలు మందం కొమ్మ, నాలుగు కణుపులున్నది తెచ్చి రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చాలి. తూర్పు సందు పందిరికి ఇంతకంటే నమ్మకమైన తీగ లేదు, కత్తిరిస్తే మళ్లీ చిగురించి మూడు నాలుగేళ్లు కాస్తుంది. నాటు చిక్కుడుకు పగటి పొద్దు తగ్గితేనే పూత. జులై, ఆగస్టులో వేస్తే చలికాలమంతా కాస్తుంది. ఫిబ్రవరిలో వేస్తే పందిరంతా ఆకు తప్ప పువ్వు కనబడదు.

గోడకు మేకులు కొట్టి వేలాడదీసే చిన్న కుండీల వరసలు, గుడ్డ జేబుల పలకలు ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. ఒక్కో జేబులో పట్టేది లీటరు మట్టి లోపే. మే నెల ఎండలో అది రోజుకు రెండుసార్లు ఎండిపోతుంది. నీడ గోడ మీద పుదీనా, వాము ఆకు, మనీప్లాంటు వరకు సరే. కూరగాయల కోసం వాటి మీద డబ్బు పెట్టడం తప్పు, ఆ సొమ్ముతో ఒక మంచి తొట్టి వస్తుంది. గుడ్డ జేబులను మధ్యలో అడ్డుపలక లేకుండా నేరుగా గోడకు తగిలిస్తే వెనక చెమ్మ పట్టడం ఖాయం.

గోడను పట్టుకుని పాకే ఫైకస్ తీగ చూడ్డానికి పచ్చగా బాగుంటుంది గానీ, వదిలించాల్సి వచ్చినప్పుడు రంగుతో, ప్లాస్టరు పొరతో సహా ఊడుతుంది. తొట్టి వెనక 3 అంగుళాల ఖాళీలో, ప్రహరీ పైఅంచులో పక్షుల రెట్టల నుంచి మొలిచే రావి, మర్రి మొక్కలను రెండాకుల దశలోనే వేరుతో లాగేయాలి. పైన కత్తిరిస్తే చాలనుకుంటే అది పగులులోపల లావెక్కుతుంది. వేరు లోపలికి దిగిందంటే పగులు వెడల్పు చేసి వేరు మొత్తం తీసి, సిమెంటు గట్టిగా నింపాల్సిందే. వానాకాలం చివర, పందిరి మీది పాత తీగ దించే రోజున గోడ పొడవునా ఒకసారి ఈ కన్నుతో చూసుకోవాలి.